కాదనాలంటే రెండు గదులు

ఫిజియోథెరపీ చదువుతున్న అమ్మాయో అబ్బాయో ఎవరో ఒకరు అప్పుడప్పుడు అమీర్‌పేటలో మా మూడో అంతస్తు మెట్లెక్కి వస్తుంటారు. మా అపార్ట్‌మెంట్‌కి లిఫ్టు ఉంది కానీ అది పని చేసే రోజు చూసుకుని రావడం వాళ్ల చేతిలో లేదు. కూర్చుని, మంచినీళ్లు తాగి, ఊపిరి తీసుకుని అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే. "ఎన్ని దేశాలు తిరిగారు మేడం?"

చాలానే తిరిగాను నాయనా. కానీ ఎక్కడికి వెళ్లినా చూసింది ఒకే గది. ఒక పరీక్ష బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కొలత టేపు, కిటికీకి పరదా. సముద్రం పక్కనే హోటల్ ఇచ్చిన ఊళ్లో కూడా సముద్రం చూడకుండా తిరిగొచ్చిన దాన్ని నేను. దేశాలు చూడాలనుకుంటే టూరిస్టు బస్సెక్కండి. ఈ పనికి రాకండి.

జీతం తీసుకున్నది పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. అక్కడే ఫిజియోథెరపిస్టుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో ఎప్పుడు ఏ మెట్టెక్కానో చెప్పను, నాకే విసుగు. సెలవులన్నీ పోగేసుకుని చేసిన రెండో పని గురించే ఈ నాలుగు మాటలు.

దివ్యాంగుల క్రీడలకు ప్రపంచ పోటీలు నడిపే సమాఖ్య ఒకటుంది. దానికి నేను క్లాసిఫయర్‌ని. అంటే, వచ్చిన క్రీడాకారుల్లో ఎవరు ఎవరితో పోటీపడాలో తేల్చే మనిషిని. పాదం లేనివాణ్ణీ, నడుం కింద స్పర్శే లేనివాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టి పోటీ పెడితే అది పోటీ అనిపించుకోదు. అందుకని లోపం ఏ రకం, ఎంత తీవ్రం అన్నదాన్ని బట్టి తరగతులు ఉంటాయి. ప్రతి లోపానికీ కనీసం ఇంత ఉండాలని ఒక హద్దు కూడా ఉంటుంది. హద్దు లోపలే ఆగిపోయిన వాళ్లకు ఆ పోటీల్లో చోటు లేదు. ఆ మాట మొహం మీద చెప్పేదీ మేమే.

ఉన్నది లేనట్టు

ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన ఉంటాడు. ఉదయమంతా కాలు వంగదు. డాక్టరు రౌండ్స్‌కి రాగానే పళ్లు బిగబట్టి వంచేసి, "చూశారా, ఎంత బాగుందో!" అంటాడు. ఇంటికి పోవాలి కదా మరి. నా సర్వీసంతా లేనిది ఉన్నట్టు చూపించేవాళ్ల మధ్యే గడిచింది.

క్లాసిఫికేషన్ గదిలో అంతా తలకిందులు. అక్కడ ఉన్నది లేనట్టు చూపించేవాళ్లు తగులుతారు. అందరూ కాదు. నూటికి తొంభై మంది నిజాయితీపరులే, ఆ మాట గట్టిగా చెప్తున్నాను. కానీ బలం తక్కువని తేలితే సులువు తరగతి దొరుకుతుంది, పతకం దగ్గరవుతుంది. ఆశ ఎవరిచేతనైనా వంకర పనులు చేయిస్తుంది.

కొత్తలో ఒక డిస్కస్ ఆటగాడు వచ్చాడు, ఏ దేశమో అనవసరం. బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి ఎత్తమంటే ఛాతీ దాటలేదు. కళ్లల్లో నీళ్లు కూడా. మధ్యాహ్నం భోజనాల హాల్లో అవతల బల్ల దగ్గరున్న స్నేహితుణ్ణి చూసి అదే చెయ్యి నిండుగా పైకెత్తి, దాంట్లో ఒక ప్లేటు కూడా పట్టుకుని ఊపుతున్నాడు. నేను పళ్లెం వదిలేసి మా చీఫ్ దగ్గరికి పరుగు.

"దొరికాడు!" అన్నాను.

"ఎవరు?" అంది ఆవిడ టీ తాగుతూ.

"దొంగ."

"ముందు ఆ మాట కింద పెట్టు. తర్వాత ఏం చూశావో చెప్పు."

మళ్లీ పిలిపించారు. మళ్లీ కొలిచారు. తరగతి మారింది, నియమం ప్రకారం పడాల్సిన శిక్షా పడింది. అంతసేపూ ఆవిడ గొంతు ఒక్కసారి పెరగలేదు. అతను వెళ్లేటప్పుడు తలుపు కూడా ఆవిడే తీసి పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "వాడికి తలుపు తీయడమేంటి?" అని అడిగాను. "కొలవడం మన పని. కోప్పడడానికి వాళ్ల అమ్మ ఉంటుంది" అంది. అప్పుడు నవ్వు రాలేదు కానీ, ఆ తర్వాత ఆ మాట నేనే ఎంతమందికి చెప్పానో.

మాగ్దా చేతులు

ఆ చీఫ్ పేరు మాగ్దా. పోలండ్ ఆవిడ. ఆమె కూడా నాలాగే ఫిజియోథెరపిస్టు, నాకంటే పదేళ్లు పెద్ద. ఎవర్నయినా తాకే ముందు వేడి టీ గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టుకునేది. చల్లటి చేతులతో ముట్టుకుంటే కండరం బిగుసుకుంటుంది, కొలత తప్పుతుంది అన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరని నా నమ్మకం. కొత్త ఊళ్లో, కొత్త మనుషుల ముందు, లోపమున్న కాలో చెయ్యో బయటపెట్టుకుని పడుకున్న మనిషికి ముందుగా తగలాల్సింది వెచ్చదనం అని ఆమె ఉద్దేశం.

ఆమె నాకు నేర్పిన రెండో విద్య, ఫలితం చెప్పడం. "ముందు ఫలితం. తర్వాత కారణం. కారణంతో మొదలుపెడితే ఎదుటి మనిషి ప్రతి మాటలోనూ ఆశ వెతుక్కుంటాడు. అది హింస" అనేది. ఆ ఫలితం కూడా కోచ్‌కి కాదు, దేశం తరఫున కోటు వేసుకొచ్చిన పెద్దమనిషికి కాదు, ముందుగా ఆ క్రీడాకారుడికే, కళ్లలోకి చూసి చెప్పాలి.

మా సమాఖ్యలో నాకు నచ్చనివి లేవా అంటే బోలెడు. నియమాల పుస్తకం తలగడంత ఉంటుంది. మొత్తం కంఠస్థం వచ్చిందనుకునేలోపు మార్చేస్తారు. కోట్లు వేసుకున్న కొందరికి పతకాల వేదిక మీద నిలబడడం తప్ప ఇంకో పని ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. అయినా ఒక్క నియమం కోసం ఆ తప్పులన్నీ క్షమిస్తాను.

ఆ నియమం ఏంటంటే, ఒక మనిషిని పోటీలోకి 'ఔను' అనడానికి ఒక గది, ఇద్దరు క్లాసిఫయర్లు చాలు. హద్దు అందలేదని 'కాదు' అనాలంటే మాత్రం ఒక గది చాలదు. వేరే గది కావాలి. వేరే ఇద్దరు కావాలి. మొదటివాళ్లు ఏం కొలిచారో వాళ్లకు తెలియకూడదు. వాళ్లు కూడా మొదటినుంచి కొలిచి కాదంటేనే కాదు. మన దగ్గర దరఖాస్తు తిప్పి పంపడానికి కిటికీ అవతల ఒక్క గుమాస్తా మూడ్ బాగోకపోతే చాలు. ప్రపంచమంతా నడిచే ఒక సంస్థ, కాదన్న మాటకు ఇంత విలువ కట్టడం చూసి నాకు గర్వంగా ఉండేది.

ఆ నియమం మా వీధి దాకా వచ్చినప్పుడు కానీ దాని బరువు తెలియలేదు.

లచ్చయ్య టేపు

లచ్చయ్య మా వీధి చివర లేడీస్ టైలర్. సిరిసిల్ల వైపు నేతపని వాళ్ల కుటుంబం, ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉంటారు. నా జాకెట్లు పాతికేళ్లుగా ఆయనే కుడుతున్నాడు. చెప్పిన రోజుకి ఇచ్చింది ఒక్కసారి కూడా గుర్తులేదు.

ఆయన కూతురు మానస. చిన్నప్పుడు మోకాలి దగ్గర ఎముకకు చీము పట్టి, ఎడమ కాలు ఎదుగుదల కుంటుపడింది. ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు చేయించింది మా ఆసుపత్రిలో నేనే. లచ్చయ్య ఆ పిల్ల పైజామాలు రెండు కాళ్లకూ రెండు కొలతలతో, తేడా పైకి కనబడకుండా కుట్టేవాడు. డిగ్రీలో చేరాక మానస ఈటె విసరడం మొదలుపెట్టింది. ఆ పిల్ల భుజంలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇక్కడి దివ్యాంగుల పోటీల్లో వరసగా గెలిచింది. అక్కడ కాలు కొలిచినవాళ్లు చూసీ చూడనట్టు సరే అనేశారు. ఇంతలో మన నగరంలోనే అంతర్జాతీయ పోటీ వచ్చింది. అందులో సమాఖ్య క్లాసిఫికేషన్ దాటితే ప్రపంచ పోటీలకు వెళ్లే జట్టులో చోటు ఖాయమని కోచ్ చెప్పాడు. దాటకపోతే అప్పటిదాకా గెలిచింది కూడా లెక్కలోకి రాదు.

లచ్చయ్య మా ఇంటికొచ్చాడు. ఈసారి చేతిలో జాకెట్ లేదు.

"మేడం, నేను కొలిసిన. నా టేపుతోనే కొలిసిన. హద్దు దాటే ఉన్నది. మీరు జర లోపల ఒక్క మాట చెప్పుండ్రి."

"లచ్చయ్య గారూ, మన దేశం పిల్లల్ని కొలిచే గదిలో నేను ఉండకూడదు. అది నియమం."

"ఉండకుండ్రి. బయటనే ఉండుండ్రి. చెవిల ఒక్క మాట ఏస్తే సాలు."

"నేను వేస్తే రేపు ఇంకో దేశం ఆవిడ కూడా వేస్తుంది. అప్పుడు మానసకు రావాల్సిన పతకం వాళ్ల పిల్లకు పోతుంది. అది బాగుంటుందా?"

"గట్లెట్ల బాగుంటది?" అన్నాడు గభాల్న.

"మరి?"

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "చాయ్ మంచిగున్నది మేడం" అని లేచి వెళ్లిపోయాడు.

నిజం చెప్పొద్దూ, ఆయన మెట్లు దిగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్ల కాలు నా చేతుల్లో వంగడం నేర్చుకుంది. నాకు తెలియదా ఆ కాలు? కానీ తెలిసినవాళ్లు కొలవకూడదన్నదే కదా ఆ నియమం సారం.

రెండో గది

క్లాసిఫికేషన్ రోజు నేను వేరే దేశాల వాళ్లను చూస్తున్నాను. టీ విరామంలో వరండాలోకి వస్తే బెంచీ మీద తండ్రీకూతుళ్లిద్దరూ కనబడ్డారు. తోడుగా లోపలికి ఒక్కరినే రానిస్తారు. కోచ్ వస్తానన్నా వినకుండా మానస తండ్రినే తీసుకెళ్లింది.

"కాదన్నరు మేడం" అంది మానస. "కానీ ఇంకో గది ఉన్నదట. తిని రమ్మన్నరు."

లచ్చయ్య ముందు ఇడ్లీ పొట్లం విప్పకుండా అలాగే ఉంది. మానస తనది తినేసి, ఆయనది కూడా విప్పింది. "తిను బాపూ. నువ్వు పస్తుంటే నా కాలు మారుతదా?" అంది. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

మధ్యాహ్నం రెండో గది. వేరే ఇద్దరు, వాళ్లను పర్యవేక్షిస్తూ ఈ పోటీకీ చీఫ్‌గా వచ్చిన మాగ్దా. పడుకోబెట్టి కొలిచారట, నిలబెట్టి పాదం కింద చెక్కలు పేర్చి కొలిచారట. నేను నా పని ముగించుకుని వరండాలో నిలబడ్డాను. వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

తలుపు తెరిచి మాగ్దా నన్ను పిలిచింది.

"నిర్ణయం అయిపోయింది, సంతకాలూ అయ్యాయి. ఇక నీ వల్ల మారేది లేదు కాబట్టి నువ్వు లోపలికి రావచ్చు. తండ్రికి ఇంగ్లీషు రాదు. ఇలాంటి మాట పరాయి భాషలో వినకూడదు. నువ్వు చెప్పు. ముందు ఫలితం."

లోపలికి వెళ్లాను. మానస బల్ల అంచున కూర్చుని ఉంది. 'చూడమ్మా, నువ్వు చాలా బాగా విసురుతావు', 'జీవితంలో ఇవన్నీ మామూలే' లాంటి మెత్తటి మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. మాగ్దా నన్నే చూస్తోంది. కుర్చీ లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను.

"మానసా, కాదు. నీ కాళ్ల తేడా హద్దుకు లోపలే ఉంది. రెండు గదుల్లోనూ అదే తేలింది."

నా వృత్తి మొత్తంలో నేను పలికిన అతి కష్టమైన మాటలు అవే.

లచ్చయ్య ఒక్క ఉదుటున లేచి జేబులోంచి టేపు తీశాడు. "నా టేపు తప్పు జెప్పదు మేడం. గీ టేపు మీద నా ఇల్లు నడుస్తున్నది. ఆమెను చూడమనుండ్రి."

నాకు భయం వేసింది. మాగ్దా భయపడలేదు. మానసను అడిగి మళ్లీ పడుకోబెట్టింది. టీ గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని వెచ్చబరుచుకుంది. తుంటి ముందువైపు పొడుచుకొచ్చే ఎముక వెతికి, లచ్చయ్య బొటనవేలు తీసుకుని అక్కడ పెట్టింది. ఆయన ఎప్పుడూ కొలిచింది నడుం దగ్గర్నుంచి, పైజామాకు కొలిచినట్టు. కాలు పొట్టిదైతే నడుం ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరిగినది కూడా కాలి లెక్కలో చేరిపోతుంది. ఎముక నుంచి చీలమండ దాకా ఆయన తన టేపుతోనే లాగాడు. ఒక కాలు. ఇంకో కాలు. మళ్లీ మొదటి కాలు. తర్వాత టేపు చుట్టి నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

"అంతనే ఉన్నది బిడ్డా" అన్నాడు.

"ఎంత తక్కువైంది మేడం?" అని మానస నన్నడిగింది.

"గోరంత."

"గోరంతకా?" ఆ పిల్ల లేచి కూర్చుంది. "సన్నప్పటి సంది బళ్లె, గల్లీల అందరు నన్ను కుంటిదనే పిలిసిన్రు. ఇప్పుడు మీరు కాదంటున్నరు. ఇంక నేనెవ్వరిని మేడం?"

ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు మాగ్దాకు చెప్పాను. ఆమె తొందరపడలేదు. మానస పక్కనే బల్ల మీద కూర్చుని, "ఈటె విసిరే అమ్మాయివి" అంది. అది తెలుగులో చెప్పాను. మానస లేచి, చెప్పులు తొడుక్కుని, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా బయటికి నడిచింది. తప్పు పట్టను. నేనైనా అదే చేసేదాన్ని.

ఆ సాయంత్రం మాగ్దాతో పోట్లాడాను. గోరంత తేడాకు ఒక పిల్ల బతుకు ఆపడమేంటి అన్నాను. ఆమె చెప్పింది నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "హద్దు ఎక్కడ గీసినా దాని పక్కన ఒక మానస నిలబడుతుంది. కాస్త జరిపితే ఇంకో మానస. గీయకపోతే ఈ పోటీలే ఉండవు. అలాంటి పిల్లకు మనం ఇవ్వగలిగింది ఒక్కటే, రెండుసార్లు సరిగ్గా కొలిచి మొహం చూసి చెప్పడం." నేను ఒప్పుకున్నానని చెప్పను. ఆ రాత్రి ఆమెతో భోజనానికి కూడా వెళ్లలేదు. ఇప్పుడు మాత్రం ఒప్పుకుంటున్నాను.

ఆదివారం గ్రౌండ్

చాలా నెలలు మానస మా ఇంటి ఛాయలకు రాలేదు. లచ్చయ్య జాకెట్లు మామూలుగానే ఆలస్యంగా ఇస్తున్నాడు కానీ కూతురి ఊసు ఎత్తడం లేదు. నేనూ అడగలేదు. ఒకరోజు ఆయనే, అదీ చెప్పిన రోజుకే, జాకెట్ పట్టుకుని మెట్లెక్కొచ్చాడు. నాకు అనుమానం వచ్చింది.

"మేడం, ఆదివారం జర గ్రౌండుకు రాండ్రి. కాలేజీల పోటీలు. అందరితోని కలిసి ఇసురుతది. మిమ్మల్ని తోలుకరమ్మన్నది."

అందరితోని. దివ్యాంగుల విభాగం కాదు, మామూలు పోటీ. వెళ్లాను. మానస నిక్కరు వేసుకుని నిలబడి ఉంది. చిన్నప్పటినుంచి ఆ కాళ్లు దాచుకుంటూ వచ్చిన పిల్ల. "రెండు కొలతల పైజామాలు ఇంక కుట్టకు బాపూ అన్నది" అని లచ్చయ్య నా చెవిలో చెప్పాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఆ కాళ్లు చూసి ఏదో గుసగుసలాడారు. మానస పరుగు తీసింది, ఒక పక్కకు కాస్త ఒరుగుతూ. ఈటె లేచింది. ఆ తర్వాత ఎవరూ గుసగుసలాడలేదు.

ఈటె దిగిన చోటి నుంచి అధికారి టేపు లాగుతుంటే లచ్చయ్య మునివేళ్ల మీద లేచి చూశాడు. దర్జీ కదా, టేపు ఎక్కడ పట్టుకున్నారా అని. "సరిగనే పట్టిండు" అన్నాడు తనలో తనే.

పతకం రాలేదు. మూడో స్థానానికి ఇవతలే ఆగిపోయింది. చెమట తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చింది. ఆ రెండో గది తర్వాత నా మొహం నేరుగా చూడడం అదే మొదలు.

"ఎంత తక్కువైంది?" అని ఈసారి నేనడిగాను.

"బారెడు మేడం."

"అయ్యో" అన్నాను.

"అయ్యో ఎందుకు మేడం?" అని నవ్వింది. "బారెడైతే కష్టపడి సంపాయిస్త. గా గోరంతనే నా చేతిల లేకుండె."